ఆరింటి రిపేరు

"మళ్ళీ మొరాయించిందే!" అన్నాడు బస్సు డ్రైవరు, స్విచ్చి మూడోసారి నొక్కి.

అతని భార్య గుమ్మంలోనే చెప్పులు విడిచి గోడకి జారగిలబడింది. పొద్దుట్నుంచీ హోటలు లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసి వచ్చిన మనిషి. కాళ్ళు తనవి కానట్టున్నాయి.

"నిన్న బాగానే వెలిగిందిగా?"

"నిన్న వెలిగింది, ఇవాళ చచ్చింది. దీని బుద్ధే అంత."

భోజనాల బల్లని ఆ కంప్యూటరు ఆక్రమించి ఐదు నెలలైంది. అప్పట్నుంచీ మొగుడూ పెళ్ళాం కింద కూర్చునే తింటున్నారు. అతను స్క్రూలు విప్పి, పక్క మూత తీసి, టార్చి నోట్లో పెట్టుకుని లోపలికి తల దూర్చాడు. అరగంటకి నిధి దొరికినవాడిలా బయటికొచ్చాడు.

"ర్యామ్! చోట్లోంచి కాస్త పైకి లేచింది. అంతే!"

"కదలకుండా ఉన్నది ఎలా లేస్తుందండీ?"

"బస్సుల్లో నట్లు ఊడట్లా? ఇదీ అంతే."

ఆమె లేచి వంటింట్లోకి నడిచింది. ఏం మాట్లాడుతుంది, పాపం! పొద్దున అతను డ్యూటీకెళ్ళగానే దాన్ని పైకి లాగింది ఆమే.

ఇదంతా డాక్టరమ్మ మాటతో మొదలైంది. "మానేశాడు, సంతోషం. కానీ ఇన్నేళ్ళూ డ్యూటీ దిగ్గానే తాగడానికెళ్ళిన మనిషమ్మా. ఆరయ్యేసరికి కాళ్ళు అటే లాగుతాయి. ఆ వేళకి చేతులకి ఏదో ఒక పని పెట్టు" అందావిడ. ఆ వారమే హోటలు ఆఫీసువాళ్ళు చెడిపోయిన పాత కంప్యూటరొకటి పారేస్తుంటే, ఈమె అడిగి తెచ్చుకుంది.

బస్సు బానెట్టు తప్ప ఇంకేదీ విప్పి ఎరగడు అతను. మొదట్లో చేతులు ఒకటే వణుకు. ఒక్క స్క్రూ బిగించడానికి పది నిమిషాలు. అది చేజారితే ఇద్దరూ మోకాళ్ళ మీద పాకుతూ వెతుక్కునేవాళ్ళు. తర్వాత్తర్వాత సరదా పట్టుకుంది. సెలవొస్తే చాలు, పార్టుల షాపుకి పరుగు. ఫ్యాను మార్చాడు, పెద్ద డిస్కు వేశాడు, ఉన్న ర్యామ్ తీసేసి కొత్తది పెట్టాడు. షాపాయన "రండి ఇంజనీరుగారూ" అని ఆటపట్టిస్తే, ఇంటికొచ్చి ఆ ముక్క నాలుగుసార్లు చెప్పుకుని మురిసిపోయేవాడు.

రెండు నెలలకి పని పూర్తయింది. తెర వెలిగింది. ఆ సాయంత్రం చిన్నపిల్లాడిలా గంతులేశాడు.

మర్నాడు ఆరు గంటలకి అతనికి చెయ్యడానికేం లేదు. కాసేపు ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. గడియారం చూశాడు. లేచి చొక్కా తొడుక్కున్నాడు.

"అలా ఓ చుట్టు తిరిగొస్తా."

 ఆమె అమాంతం పొట్ట పట్టుకుని చాప మీద పడిపోయింది. ఆ పూట గండం గడిచింది. కానీ రోజూ కడుపునొప్పి ఎక్కణ్ణుంచి తెస్తుంది? ఆలోచించి ఆలోచించి, మర్నాడు పొద్దున మొదటిసారి స్క్రూడ్రైవరు పట్టుకుంది.

ఇక అదే వరస. ఓ రోజు ర్యామ్, ఓ రోజు కరెంటు వైరు, ఓ రోజు డిస్కు వైరు. ఏ రోజు ఏది పీకిందో ఒక్కోసారి ఆమెకే గుర్తుండేది కాదు.

మధ్యలో వాళ్ళన్నయ్య ఫోను. "ఏంటమ్మా, బావ ఇంకా ఆ డొక్కుదాంతోనే కుస్తీ పడుతున్నాడా? ఆదివారం నేనొచ్చి అరగంటలో బాగుచేసి పడేస్తా."

"నువ్వొచ్చావంటే నా మీద ఒట్టే, అన్నయ్యా!"

అన్నయ్యకి కోపమొచ్చి నెల్లాళ్ళు మాట్లాడలేదు.

ర్యామ్ పైకి లేచిందని కనిపెట్టిన మర్నాడు, అతను వెళ్ళాక ఎప్పట్లాగే బల్ల ముందు కూర్చుంది. స్క్రూడ్రైవరు చేతిలోకి తీసుకుంది. చెయ్యి లేవలేదు. ఒళ్ళంతా అలసట. కట్టుకున్నవాడు సాయంత్రం బిగించినదాన్ని పొద్దున్నే దొంగలా ఊడబీకడం, ఏం తెలీనట్టు మొహం పెట్టడం... ఇదేం కాపరం! ఇంకెన్నాళ్ళు కాపలా కాస్తుంది? తాగితే తాగుతాడు, మానితే మానతాడు. నా వల్ల కాదు బాబూ, అనుకుంటూ మూత కూడా తీయకుండా పనిలోకి వెళ్ళిపోయింది.

వెళ్ళిందన్న మాటేగానీ, మనసు మనసులో లేదు. ఓ దుప్పటి మాడ్చింది. సూపర్‌వైజరు చేత చివాట్లు తింది. "కాస్త ఆగమ్మా, రిజిస్టర్లో సంతకం పెట్టి వెళ్ళు" అని వెనకనించి అరుస్తున్నా వినకుండా బస్సెక్కింది. ఇల్లు చేరేసరికి ఆరున్నర. తలుపు తోసింది.

అతను బల్ల దగ్గరే ఉన్నాడు.

"మళ్ళీ చచ్చిందే ఇది!" అన్నాడు.

 ఆమె అలాగే నిలబడి చూసింది. అతను స్క్రూలు ఒక్కొక్కటీ విప్పి మూతలో పెట్టుకున్నాడు. చేతుల్లో వణుకన్నదే లేదు. లోపలంతా తడిమి, ఓ వైరు పట్టుకుని "ఇదిగో, దొరికింది దొంగ" అంటూ గట్టిగా నొక్కాడు. ఫ్యాను గిర్రున తిరిగింది. తెర వెలిగింది.

ఆమె ఉన్నచోటే కూలబడి భోరుమంది.

"ఏమైందే? ఎవరేమన్నారు?"

"ఎవరూ ఏమన్లేదు. ఇన్నాళ్ళూ పీకింది నేనేనండీ! ఆరు గంటలకి మీరు గడప దాటతారని భయం. రోజూ నేనే... మీరు కష్టపడి బిగించినదాన్ని... ఇవాళ మాత్రం ముట్టుకోలేదు, ఒట్టు!"

అతను స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టి, వచ్చి ఆమె పక్కన కింద కూర్చున్నాడు.  మెల్లిగా చెప్పాడు.

"నువ్వు మర్చిపోయినట్టున్నావని, ఇవాళ నేనే పీకేశా."