పద్నాలుగో నంబరు ఇల్లు

"ఇక్కడేదో పాత రేకు ముక్క అడ్డమొస్తోంది వదినా. సున్నం కొట్టీ కొట్టీ గోడలో కలిసిపోయింది. పీకితే గోడ పెచ్చులూడేలా ఉంది," అన్నాడు వడ్రంగి నిచ్చెన మీద నుంచి.

"పీకకు. దాని మీదే బిగించెయ్," అంది నర్సమ్మ, సంచిలో కాగితాలు సర్దుకుంటూ. "బోర్డు వెనకాల ఏముందో ఎవరు చూడొచ్చారు?"

వడ్రంగి ఆమెకు మరిది. వదిన మాట జవదాటడు. నాలుగు మేకులు దిగాయి, 'ఆరోగ్య కేంద్రం' అన్న బోర్డు తలుపు పైన కూర్చుంది. ఇక తెరవడమే తరువాయి. తెరవడానికి అనుమతి లేదు, అంతే.

పాత కేంద్రం పైకప్పు కూలినప్పటి నుంచి నర్సమ్మ రోగులను హార్డ్‌వేర్ కొట్టు మేడ మీద చూస్తోంది. ముప్పై ఒక్క మెట్లు. నెలలు నిండిన వాళ్లయినా, కాలికి కట్టున్న వాళ్లయినా అవన్నీ ఎక్కాల్సిందే. ఎక్కలేనివాళ్లు కింద నుంచి కేకేస్తే ఆమే దిగి వస్తుంది. కిందటేడు పోయిన టీచరమ్మ, ఈ బోర్డు పెట్టిన తన ఇల్లు కేంద్రానికి రాసి పోయింది గనక సరిపోయింది. తీరా చూస్తే అది నివాసాలకు మాత్రమే కేటాయించిన వీధి. అక్కడ ఆరోగ్య కేంద్రం పెట్టాలంటే నిబంధన సవరించాలి. సవరించాలంటే వీధిలోని ఇరవై రెండు ఇళ్ల నుంచీ అభ్యంతరం లేదని సంతకాలు కావాలి.

ఇరవై ఒకటి వచ్చాయి.

"పద్నాలుగో నంబరు లేదు," అన్నాడు మునిసిపల్ గుమాస్తా, కాగితాలు మూడోసారి తిరగేసి.

"ఆ ఇల్లు నాకు కనబడలేదండీ."

"వీధిలోనే ఉంటుంది."

"వీధంతా కాళ్లరిగేలా తిరిగాను. పన్నెండు పక్కన పదిహేడుంది. పదిహేడుకి ఎదురుగా మూడుంది. జనాన్ని అడిగితే దర్జీ ఇల్లు, డ్రైవరు ఇల్లు, టీచరమ్మ ఇల్లు అంటారు గానీ నంబరు ఒక్కరికీ తెలీదు. ఓనరెవరో చెప్పండి, పోయి కాళ్లు పట్టుకుంటాను."

గుమాస్తా పుస్తకం తీసి వేలు పెట్టి చూశాడు. "ఓనరు గడి ఖాళీగా ఉంది."

"ఎందుకు ఖాళీగా ఉంది?"

"నింపలేదు కాబట్టి."

"ఇంకో పుస్తకంలో ఉండదా?"

"ప్లాట్ల పుస్తకం పక్క సెక్షన్లో ఉంటుంది. మీ కేంద్రం ఫైలు అక్కడిది, ప్లాటు నంబరు మీదే ఉంది. ఇళ్ల పుస్తకం నాది. దాన్ని చూసి దీన్ని నింపే పద్ధతి లేదమ్మా."

నర్సమ్మ కొత్త కేంద్రం తాళాలగుత్తిని బల్ల మీద టక్కున పెట్టింది. కోపమొస్తే చేతిలో ఏదుంటే అది అలా పెట్టడం ఆమెకు అలవాటు.

గుమాస్తా నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. "ఓనరే రానక్కర్లేదు. ఆ ఇంటి తాళాలు ఎవరి దగ్గరుంటే వాళ్లు సంతకం పెట్టినా చాలు. శుక్రవారం పన్నెండు గంటల లోపు తెండి. ఆ రోజు కౌన్సిలు మీటింగు దాటిపోతే మళ్లీ ఆరు నెలలకే."

ఆరు నెలలు. ముప్పై ఒక్క మెట్లు. నర్సమ్మకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. కోపమే ముందొచ్చింది.

వీధి చివర ఎప్పుడూ గొళ్లెం పెట్టి ఉండే గేటొకటుంది. పద్నాలుగు అదేనని తేల్చుకుని రెండు రోజులు కాపు కాసింది. బుధవారం ఒకావిడ గేటు తీసింది.

"ఇది మా పెరటి గుమ్మమమ్మా. మా ఇల్లు వెనక వీధి లెక్కలోకి వస్తుంది."

పోస్టుమాన్‌ని అడిగితే ఒక్క నిమిషంలో తేలే సంగతి. అతను మోకాళ్లు పట్టేసి పదిహేను రోజులుగా సెలవు పెట్టి సొంతూళ్లో ఉన్నాడు. బదులు వచ్చినతను ఉత్తరాలన్నీ వీధి మొదట్లో కొట్టులో పడేసి పోతున్నాడు. మోకాళ్లు చూపించుకోవాలంటే మెట్లెక్కాలి, మెట్లెక్కాలంటే మోకాళ్లుండాలి. ఎటు తిప్పినా కథ అక్కడికే వస్తోంది.

ఆ సాయంత్రం ఆమె తెల్లకాగితం తీసి, కడుపులో ఉన్నదంతా కక్కేసింది.

'పద్నాలుగో నంబరు ఇంటివారికి,
మీరెవరో నాకు తెలియదు. మీ ఒక్కరి మూలంగా ఇంతమంది మెట్లెక్కి చస్తున్నారు. వీధి వీధంతా సంతకాలు పెట్టింది, మీకేం వచ్చింది? ఒక్కసారి తలుపు తీసి బయటికి చూడండి. అంత తీరిక లేకపోతే అద్దంలోనైనా మొహం చూసుకోండి, సిగ్గేస్తుందేమో.'

"రిజిస్టర్డు పోస్టు ఎందుకు వదినా?" అన్నాడు మరిది.

"తీసుకునేవాళ్లు సంతకం పెట్టాలిగా. ఆ మహానుభావుడి చేత ఆ ఒక్క సంతకమన్నా పెట్టిస్తాను."

శుక్రవారం పదకొండయింది. సంతకం రాలేదు. అనుమతి లేకుండా పెట్టిన బోర్డు వెంటనే తీసేయాలని మునిసిపాలిటీ నుంచి కాగితం మాత్రం వచ్చింది. ఆ పని ఆలస్యం కాలేదు. మరిది నిచ్చెన తెచ్చాడు. నర్సమ్మ కొత్త కేంద్రం మెట్టు మీద కూలబడింది. ఉన్నది ఒకే ఒక్క మెట్టు. దాన్ని చూస్తే ఆమెకు ఇంకా ఒళ్లు మండింది.

"దింపమంటావా?" అన్నాడు మరిది పై నుంచి.

"దింపు. ఆ పద్నాలుగో నంబరు వాళ్లు చల్లగా ఉండాలి."

మొదటి మేకు ఊడింది. బోర్డు ఒక పక్కకు వాలి, సున్నం పెచ్చులు ఆమె ఒళ్లో రాలాయి. అప్పుడే మలుపులో సైకిలు చప్పుడైంది. పోస్టుమాన్ సైకిలు ఎక్కలేక, దాన్ని పట్టుకుని కుంటుకుంటూ నడిచి వస్తున్నాడు.

నర్సమ్మ చివాలున లేచింది. "ఇన్నాళ్లకా అన్నయ్యా రావడం? ఈ వీధిలో ఆ దిక్కుమాలిన..."

"అవేవో తర్వాత చెబుదురు గానీ, నిలబడలేకపోతున్నాను సిస్టర్. ముందు ఇది తీసుకోండి. ఈ ఇంటికి రిజిస్టర్డు వచ్చింది."

"ఈ ఇంటికా? ఈ ఇంటికి ఉత్తరం రాసేదెవరు?" అని విసుక్కుంటూ చెయ్యి చాచింది.

కవరు మీద దస్తూరి ఆమెదే.