ఆదివారం పార

ప్రార్థనకు బయల్దేరిన ఎఫీ, ఇంటి వెనక కొండమీద ఒక మనిషి పారతో తవ్వుతుండడం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

ఆ స్కాట్లండ్ దీవిలో ఆదివారం దేవుడి రోజు, ఉతికిన బట్టలు కూడా ఎవరూ ఆరేయరు. రాకెట్లు ఎగరేసే స్థలం కడతామని వచ్చిన కంపెనీని సైతం, ఆదివారం పని ముట్టబోమని మాట తీసుకున్నాకే ఊళ్లోకి రానిచ్చారు.

తవ్వుతున్నది ఆ కంపెనీ కాపలాదారు. పేరు హ్యూ అని తప్ప అతని గురించి ఎవరికీ ఏమీ తెలియదు. ఆ తెలియకపోవడమే ఎఫీని తొలిచేస్తోంది. వానకోటు బొత్తాలు పెట్టుకుంటూ కంచె దగ్గరికి నడిచింది.

“ఏమయ్యా, ఇవాళ ఏ వారమో తెలుసా?”

“తెలుసమ్మగారూ.”

“తెలిసే తవ్వుతున్నావా?”

“రాకెట్ నిలబెట్టే గద్దె కోసం తవ్విన మట్టంతా ఇక్కడ పోశారు. వానకి నాని ఉబ్బిపోయింది. జారితే మీ ఇంటిమీదికే. చెరువువైపు కాలువ తీస్తున్నాను.”

“రేపు తీస్తే ఎవరొద్దన్నారు?”

“రేపటిదాకా ఆగుతుందో లేదో.”

ఎఫీకి ఒళ్లు మండింది.

“ఉత్తరాన ఓ దీవిలో ఇలాగే కొండ జారేలా ఉందని ఊరంతా పారలు తీస్తే, పాస్టరుగారు ఆదివారం వద్దని అందర్నీ చర్చికి పిలిచేశాడట. జ్వరంతో ఇంట్లో పడుకున్న భార్య మట్టికింద పోయింది. అయినా ఆయన నియమం తప్పలేదు. అదీ భక్తి అంటే.”

పార ఆగింది.

“విన్నాను,” అన్నాడు హ్యూ. “ఇవాళ మీ చెల్లెలుగారింట్లో పడుకోండమ్మా.”

తనకు చెల్లెలుందని ఇతనికెలా తెలుసో!

ప్రార్థన అవగానే సంఘపెద్ద టోర్కిల్ చెవిన వేసింది. ఆయన వెళ్లి కంపెనీ మేనేజరును నిలదీశాడు. మాట తప్పారంటే స్థలమే చేజారిపోతుందని మేనేజరు బెదిరిపోయి, హ్యూను పనిలోంచి తీసేశాడు.

మర్నాడు హ్యూ చేతిసంచీతో పడవరేవుకు వెళ్తుంటే, ఎఫీ కిటికీ తెర సందులోంచి చూసింది. అతను వెనక్కి తిరిగి తిరిగి కొండనే చూసుకుంటూ నడిచాడు.

బుధవారం ఆమె రొట్టెలు కాలుస్తుండగా ఇల్లు అదిరింది. బయటికి ఉరికేసరికి, నల్లమట్టి గుట్ట సగానికి సగం జారి, హ్యూ తీసిన కాలువ దారి పట్టి, గొర్రెల దొడ్డిని ఊడ్చుకుంటూ చెరువులోకి పోతోంది. వంటింటి గోడకు బురద చిందింది, అంతే.

ఎఫీ మేనేజరు గదికి పరుగెత్తింది. టోర్కిల్ అప్పటికే అక్కడున్నాడు.

“అతనెక్కడున్నాడు బాబూ? నేను క్షమాపణ చెప్పుకోవాలి.”

“తెలీదమ్మా. ఎక్కడికెళ్లేదీ చెప్పలేదు.”

“అసలు ఎవరతను? దైవభయం లేనివాడనుకున్నాం,” అన్నాడు టోర్కిల్.

మేనేజరు లేచి గది తలుపు దగ్గరికి వేశాడు.

“భార్య పోయినా నియమం తప్పలేదని మీరంతా చెప్పుకుంటారే, ఆ పాస్టరుగారు ఆయనే.”