ఏకాంబరానికి ఎముకల జబ్బా?

“ఎముకల జబ్బేమన్నా ఉందా?”

జనార్దనం నోట్లోంచి ఆ మాట ఊడిపడగానే రాయపురం హార్బర్‌లో పడవల ఇంజన్లు కూడా ఠక్కున ఆగిపోయాయి.

మరి అడిగింది ఎవరిని? చేపల ఏకాంబరాన్ని! ఒక్క గుద్దుతో లారీ ముందు భాగాన్ని అప్పడం చేసిన మనిషిని. ఆయన తుమ్మితే వాషర్‌మెన్‌పేట్‌లో షట్టర్లు వాటంతటవే దిగిపోతాయి.

ఏకాంబరం మేనకోడలి పెళ్ళికి సింగపూర్ పోతున్నాడు. ప్రయాణానికి ఇన్సూరెన్స్ కావాలని కబురు పెట్టాడు. ఏజెంటు జనార్దనం ఫారం పట్టుకుని ఐసు గోడౌన్‌కి వచ్చాడు. వచ్చాక తెలిసింది చిక్కు. ఫారంలో ఉన్న ఈ ఎముకల ప్రశ్న అడిగితే ఏకాంబరం ఇప్పుడే చంపుతాడు. అడక్కుండా ‘లేదు’ అని రాసేస్తే, సింగపూర్‌లో కాలు విరిగి కంపెనీ చేతులెత్తేసిందంటే, తిరిగొచ్చి మరీ చంపుతాడు. ఎటూ చావే కదా అని కళ్ళు మూసుకుని అడిగేశాడు.

ఏకాంబరం కుడిభుజం సుబ్బన్ పగలబడి నవ్వాడు.

“మా అణ్ణకి ఎముకల జబ్బా? ఏం సారూ, తమాషానా? అణ్ణ తారు రోడ్డు మీద పడితే రోడ్డుకి కట్టు కట్టాల!”

గోడౌన్ నిండా ఉన్న మనుషులు ఈలలు వేశారు. గుమ్మంలో గంప దించుకున్న చేపలమ్మే లూర్దుమేరి, “ఆయనకుండేది ఎముకలు కాదు నాయనా, రైలు పట్టాలు. అట్లనే రాసుకో” అంది.

ఏకాంబరం కళ్ళు ఎర్రబడ్డాయి.

“నిన్నెవుర్రా అడిగింది?”

తట్టలోంచి కత్తిలా పొడుగ్గా ఉన్న చేపను లాగి సుబ్బన్ మూతి మీద కొరడాలా ఝాడించాడు. పెదవి చిట్లింది. ఊడిన పన్ను ఎగిరెగిరి సౌకార్‌పేటలో ఓ సేటు టీ గ్లాసులో పడిందట. సుబ్బన్ నోరు పట్టుకుని ఒకటే పరుగు.

పొగిడినవాడికే ఇంత పూజ జరిగితే అడిగినవాడి గతేమిటి? జనార్దనం బల్ల కిందికి దూరాడు.

“వద్దణ్ణే” అంటూ అడ్డొచ్చినవాడి ముఖాన కాగే టీ పడింది. ఐసు లాగే ఇనప కొక్కెం ఇంకొకడి చెవి కొస కోసుకుంటూ పోయి తలుపులో దిగబడింది. అయినా మిగిలినవాళ్ళు కదల్లేదు. అణ్ణకి కోపమొస్తే చూడ్డం వాళ్ళకి పండగ!

ఏకాంబరం పెట్టెలకి కట్టిన మోకు ముడి లాగాడు. పైకప్పు దాకా పేర్చిన చేపల పెట్టెలు దబదబా వాళ్ళ మీద కూలాయి. నెత్తురూ ఐసు నీళ్ళూ కలిసి కాలవ కట్టాయి. నడవగలిగినవాళ్ళు కుంటుతూ, నడవలేనివాళ్ళు పాకుతూ వీధిలో పడ్డారు.

లూర్దుమేరి మాత్రం నడుం మీద చేతులేసుకుంది.

“నన్ను కొట్టు, చూస్తా!”

ఏకాంబరం ఆమె గంపని వీధిలోకి దొర్లించాడు. పిల్లులు ఎగబడ్డాయి. ఆమె బూతులు తిడుతూ గంప వెనక పరిగెత్తింది.

తలుపు మూసుకుంది. గడియ పడింది.

బల్ల కింద జనార్దనం పెళ్ళాంబిడ్డల్ని తలుచుకున్నాడు. అడుగులు దగ్గరికొచ్చాయి. ఏకాంబరం వంగాడు. నెత్తుటి చుక్కలున్న ఆ ముఖం జనార్దనం చెవి దాకా వచ్చి గుసగుసలాడింది.

“ఉండాదని రాసుకో సారూ, ఎముకలన్నీ గుల్లయిపోయినాయని డాక్టరు చెప్పినాడు, వాళ్ళంతా ఈడుండగా ఈ మాట నేను చెప్పేదెట్లా?”