గొట్టం మార్పిడి

వేట సీజన్ మొదలవడానికి ఇంకా మూడు వారాలుందనగా ఓర్విల్ ఒక ఎల్క్ దుప్పిని కొట్టేశాడు. మాంసం చాలావరకు అతని భార్య వెర్నా ఉడికించి సీసాల్లోకి ఎక్కించేసింది కూడా. తల మాత్రం కొండ మీదే వదిలేసి వచ్చాడు. మెడ ఎముకలో ఇరుక్కున్న తూటా కూడా దాంతోపాటే ఉండిపోయింది. బుద్ధి గడ్డి తినడమంటే ఇదే.

ఆ తల వేట చట్టాలు చూసే వార్డెన్ థేయర్ కంట పడింది. మర్నాడే పోస్టాఫీసు తలుపు మీద నోటీసు అంటించాడు. లోయలో ఆ సైజు తూటా పట్టే థర్టీ-ఓ-సిక్స్ తుపాకీ ఉన్న ప్రతివాడూ శనివారం దాన్ని తెచ్చి ఒక తూటా పేల్చి చూపించాలట. తుపాకీ గొట్టం లోపలి గాడులు తూటా మీద గీతలు వేస్తాయి. ఒక గొట్టం గీతలు ఇంకో గొట్టానికి రావు. దుప్పి మెడలోని తూటాతో ఎవరి గీతలు కలిస్తే వాడి తుపాకీ జప్తు, ఐదేళ్లు వేట లైసెన్సు రద్దు.

మోంటానాలో ఐదేళ్లు వేట లేదంటే ఐదు చలికాలాలు ఉడకబెట్టిన చిక్కుడు గింజలతో సరిపెట్టుకోవాలి. ఇంట్లో తినే నోళ్లు ఆరు. పైగా ఆ తుపాకీ అంటే ఓర్విల్‌కి ప్రాణం. సైన్యం మిగులు సరుకు కింద అమ్మేస్తుంటే పోస్టులో తెప్పించుకున్న స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్ అది. దానికి పట్టించిన గ్రీజు వదిలించడానికి వెర్నా బట్టలుతికే తొట్టి వాడి నెల్లాళ్లు తిట్లు తిన్నాడు. రెండు చలికాలాలు వంటింటి బల్ల దగ్గర కూర్చుని, బండగా ఉన్న చెక్కను తన భుజానికి, తన చెంపకి సరిపోయేలా చెక్కుకున్నాడు. అవిసె నూనె రాసి రాసి అద్దంలా చేశాడు. అలాంటిదాన్ని తీసుకెళ్లి వార్డెన్ చేతిలో పెట్టడమంటే మాటలా?

గురువారం గస్ కొట్టుకి వెళ్లాడు. లోయలో సగం సైనిక తుపాకుల్ని వేట తుపాకులుగా మార్చిన చెయ్యి గస్‌ది. ఓర్విల్ కాసేపు ఎండ గురించి, గడ్డి ధర గురించి మాట్లాడాడు. గస్ చేతిలో ఆకురాయి పక్కన పెట్టి నవ్వాడు.

"నోటీసు నేనూ చదివాన్లే. గొట్టం మార్చాలి, అంతేనా?"

"ఎవరికీ తెలీకూడదు, గస్."

"నా దగ్గర అచ్చం నీదాని లాంటిదే ఒకటుంది. అదే పొడుగు, అదే పాతదనం. మార్చామంటే మీ ఆవిడ కూడా నమ్మదు. నీ పాత గొట్టం ఇక్కడ పడేసి పో."

ఎంతివ్వమంటావని అడిగితే గస్ చెయ్యి ఊపేశాడు. తన భాగస్వామి రాయ్ ఉండుంటే ముక్కు పిండి వసూలు చేసేవాడనీ, వాడు చెప్పాపెట్టకుండా అలాస్కా చెక్కేసి రెండేళ్లయింది కాబట్టి ఓర్విల్ అదృష్టవంతుడనీ అన్నాడు. కొట్టు లెక్కల పుస్తకంలో కూడా రాయనన్నాడు. పైగా కాఫీ పోసిచ్చి, గొట్టం మార్చావా అని వార్డెన్ అడిగితే తడబడొద్దని, కొన్న దగ్గర్నుంచీ ఇదేనని కుండ బద్దలు కొట్టినట్టు చెప్పమని సలహా కూడా ఇచ్చాడు. ఇలాంటివాణ్ని ఇన్నాళ్లూ పిసినారి అని ఆడిపోసుకున్నందుకు ఓర్విల్ లోలోపల సిగ్గుపడ్డాడు.

శనివారం అతని వంతు వచ్చింది. నీళ్లు నింపిన తొట్టిలోకి తూటా పేల్చాడు. గస్ చెప్పినట్టే థేయర్ అదే ప్రశ్న అడిగాడు.

"మార్చడమా? సైన్యం నుంచి వచ్చినప్పుడు ఏ గొట్టం ఉందో ఇప్పుడూ అదే. ఇంకొకడి చెయ్యి కూడా పడనివ్వలేదు వార్డెన్ గారూ," అన్నాడు ఓర్విల్.

అయితే అదే మాట కాగితం మీద రాసి సంతకం పెట్టమన్నాడు థేయర్. ఓర్విల్ గుండ్రటి అక్షరాలతో రాసి, కింద గీత కూడా గీసి ఇచ్చాడు. గీతలు పోల్చి చూసేదాకా తుపాకీ తన దగ్గరే ఉంటుందన్నాడు థేయర్. ఆ రాత్రి హాయిగా గురకపెట్టి నిద్రపోయాడు.

రెండు వారాల తర్వాత, సీజన్ రేపనగా, వార్డెన్ కారు వాకిట్లో ఆగింది. పక్కన షెరీఫ్ కూడా ఉన్నాడు. ఓర్విల్ మెట్ల మీద కూర్చుని కత్తి నూరుకుంటున్నాడు. దుప్పిని కొట్టినవాడు దొరికాడని థేయర్ చెప్పాడు. దొరికింది ఎవరో కాదు, గస్. దుప్పి తూటా మీది గీతలు వాడి తుపాకీ గీతలతో అచ్చుగుద్దినట్టు కలిశాయట. ఒక్క మాట ఎదురు చెప్పకుండా తప్పు ఒప్పుకుని, తుపాకీ, లైసెన్సు నవ్వుతూ అప్పగించాడట.

ఓర్విల్ కత్తి నూరడం ఆపేశాడు. తర్వాత అర్థమైంది. పిసినారి ఎక్కడికి పోతాడు! ఊరికే వచ్చిన గొట్టం కదా అని తన తుపాకీకే బిగించుకున్నాడన్నమాట. జాలేసింది, నవ్వూ వచ్చింది. ఈ ఐదేళ్లూ తను కొట్టినదాంట్లో ఒక తొడ గస్ ఇంటికి పంపాల్సిందేనని అప్పటికప్పుడు నిశ్చయించుకున్నాడు.

"పాపం గస్," అన్నాడు మనస్ఫూర్తిగా. "మరి నాది ఇచ్చేస్తారా? దుప్పి తూటాతో కలవలేదుగా?"

"దుప్పి తూటాతో కలవలేదు," అన్నాడు షెరీఫ్, ఓర్విల్ సంతకం పెట్టిన కాగితం మడత విప్పుతూ. "పోయిన నెల ఎండలకి కనుమలో మంచు కరిగితే గస్ భాగస్వామి రాయ్ శవం బయటపడింది. మేమే బయటికి పొక్కనివ్వలేదు. వాడి వీపులోంచి తీసిన తూటాతో నీది కలిసింది."