ఇంకా ఒకరు రావాలి

మధ్యాహ్నం మూడింటికే ఆకాశం నల్లబడింది. వరద హెచ్చరిక మోగగానే కాలనీలో ఇళ్ళన్నీ స్తంభాల మీద పైకి లేచాయి. ఇందుమతి ఇల్లు మాత్రం కదల్లేదు.

"ఇంకా ఒకరు రావాలి," అంది ఇల్లు.

ఉండేదే మొగుడూ పెళ్ళామూ. ఇద్దరూ ఇంట్లోనే ఉన్నారు. నీళ్ళు రెండో మెట్టెక్కాక ఇందుమతికి గుర్తొచ్చింది. పోయిన వానకి పనిమనిషి బాలమణి కింద కుళాయి దగ్గర అంట్లు తోముతుంటే, ఇల్లు ఆమెను వదిలేసి లేవబోయింది. ఆపమంటే, ఆమె మీకేమవుతుందని అడిగింది ఇల్లు. పనిమనిషంటే ఒప్పుకోలేదు. "మా అక్క," అనేసింది ఇందుమతి. ఇల్లు వెంటనే బాలమణి పేరును గోడ మీది ఇంటివాళ్ళ పేర్లలో చేర్చుకుంది.

"ఆ పేరు తీసెయ్, లేస్తుంది," అన్నాడు భర్త.

ఆమె గోడ మీది పేర్ల దగ్గరికి వెళ్ళి, చెయ్యెత్తి, మళ్ళీ దించుకుని ఫోన్ చేసింది. "ఎక్కడున్నావ్?"

"వెనక సందులనే, మా ఇంట్లున్నమ్మా. లోపలికి నీళ్ళొస్తున్నయ్. మా ఇల్లు లేవదు గద."

"త్వరగా వచ్చెయ్. నువ్వొస్తేనే మాదీ లేస్తుంది."

మోకాళ్ళలోతు నీళ్ళలో గోడ పట్టుకుని వచ్చింది బాలమణి. చంకలో ఒక పిల్లాడు, వీపున ఒక పిల్ల. ఇందుమతి చెయ్యిచ్చి లోపలికి లాగింది.

"మీ అక్కగారు వచ్చారు," అంది ఇల్లు. "ఈ పిల్లలు మీకేమవుతారు?"

ఉరిమింది. నీళ్ళు గడప దాటాయి.

బాలమణి ఇందుమతి వంక వింతగా చూసింది.

"అక్క మనుమలైతే నీకూ మనుమలే గద, చెల్లే," అంది. "జల్ది చెప్పు దానికి."