వంతెన దాకా చాలు

రొట్టె అంటించడానికి తందూరులోకి వంగిన ఎర్గష్ మళ్లీ పైకి లేవలేకపోయాడు.

అసలే భారీ మనిషి. భార్య మస్తూర, పక్క కొట్టు మాంసం వాడు కలిసి అతి కష్టం మీద బయటికి లాగారు. కోకంద్ ఊరి బజారంతా ముందు నవ్వింది, ఆ తర్వాత జాలిపడింది.

ఆసుపత్రిలో కుర్ర డాక్టరు ఎక్స్‌రే చూసి డిస్కు పక్కకి జరిగిందన్నాడు. పుచ్చకాయల కాలం అయ్యాక పెద్ద డాక్టరు ఆపరేషన్ చేస్తారన్నాడు. ఈలోగా ఒళ్లు తగ్గించి, రోజూ కాస్త నడిస్తే తప్పినా తప్పొచ్చని కూడా చెప్పాడు. ఎర్గష్ చెవిలో ఆపరేషన్ అన్న మాట ఒక్కటే నిలిచింది. నడుం మీద కత్తి పడితే మళ్లీ తందూరులోకి వంగేదెలా? వంగలేని రొట్టెలవాడికి ఇల్లు గడిచేదెలా?

మర్నాడు తెల్లారగానే కాలవగట్టు మీద పరుగు లంకించుకున్నాడు. ఫోనులో చూసి గెంతాడు, గుంజీలు తీశాడు. నడుం కలుక్కుమంది. ఎక్కడివాడక్కడే నిలబడిపోయాడు.

అటుగా ఒక పెద్దాయన వచ్చాడు. నల్లటోపీ పెట్టుకుని, చేతులు వెనక్కి కట్టుకుని తీరుబడిగా నడుస్తున్నాడు.

"ఇన్నేళ్లు తీరిగ్గా పెంచిన ఒళ్లు కదా తమ్ముడూ, దించడానికి ఇంత తొందరేమిటి?"

ఎర్గష్‌కి చిర్రెత్తుకొచ్చింది. కానీ ఇల్లు చేరాలంటే ఆయన చెయ్యి పట్టుకోక తప్పలేదు.

దారి పొడుగునా తన గోడు వెళ్లబోసుకున్నాడు. ఆ పెద్ద డాక్టరు ఒట్టి కసాయి అనీ, కనబడిన వాణ్ణల్లా కోసేస్తాడనీ చెప్పాడు. ఆయన్ని ఎప్పుడైనా చూశావా అని పెద్దాయన అడిగితే, చూడ్డం దేనికి, ఊరంతా చెప్పుకుంటుంటే అన్నాడు.

పెద్దాయన ఆ సంగతి ఇంక ఎత్తలేదు.

"రేపు వంతెన దాకా చాలు. నేనూ వస్తాను."

"వంతెన దాకా మా అమ్మమ్మ కూడా నడుస్తుందండీ."

"అయితే ఆవిణ్ణి చూసి నేర్చుకో."

అన్నట్టే మర్నాడు వచ్చాడు. ఆ పైన రోజూ వచ్చాడు. నడక అయ్యాక కొట్టు ముందు బల్ల మీద ఎర్గష్‌ని వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్లు మడిపించి, తుంటి కొద్దిగా పైకెత్తించేవాడు. ఊపిరి బిగపట్టొద్దనేవాడు. పిండి బస్తా ఎత్తేటప్పుడు నడుం కాదు, మోకాళ్లు వంచమనేవాడు. ఇంకాస్త దూరం పోదామంటే మాత్రం రేపు చూద్దాం అనేవాడు. ఎర్గష్‌కి ఇదంతా పసిపిల్లల ఆటలా ఉండేది. పనీపాటా లేని ముసలాయన పొద్దుపోక తగులుకున్నాడనుకుని పేరు కూడా అడగలేదు.

ఇంతలో పెళ్లిళ్లు మొదలయ్యాయి. కోకంద్‌లో పెళ్లి పలావు తెల్లారకముందే వడ్డిస్తారు, ఇద్దరికి ఒక పళ్లెం. వద్దంటే పెళ్లివారిని అవమానించినట్టే. ఒక పెళ్లిలో పెద్దాయన వచ్చి సరిగ్గా ఎర్గష్ పళ్లెం ముందే కూర్చున్నాడు. కొవ్వు ముక్కలన్నీ తనవైపు లాక్కుని, కారెట్టు ముక్కలు, ముల్లంగి ఎర్గష్ వైపు నెట్టాడు. చుట్టూ ఉన్నవాళ్లు ముసిముసిగా నవ్వారు. ఎర్గష్‌కి తల కొట్టేసినట్టయింది.

ఆ ఊళ్లో అతిథి కప్పులో టీ అడుగున కొంచెమే పోస్తారు. మళ్లీ మళ్లీ పోయడమే మర్యాద. అంచుదాకా పోశారంటే ఇక దయచేయమని.

ఆ పొద్దున కొట్టు దగ్గర ఎర్గష్ అంచుదాకా పోశాడు.

మస్తూర బిత్తరపోయింది. పెద్దాయన కప్పు వంక ఒకసారి చూశాడు. చుక్క మిగల్చకుండా తాగి, గుండె మీద చెయ్యి వేసుకుని తల వంచి, వెళ్లిపోయాడు.

మర్నాడు గట్టు మీద ఎవరూ లేరు. పీడా విరగడైందని ఎర్గష్ పరుగెత్తాడు. వంతెన చేరకముందే నడుం పట్టేసింది. మాంసం వాడి బండిలో ఇంటికొచ్చి మంచం ఎక్కాక, ఆయనతో తిరిగినన్నాళ్లూ ఒక్కసారీ ఇలా కాలేదని గుర్తొచ్చింది.

లేచి తిరగ్గలిగాక, ఎవరూ చెప్పకుండానే వంతెన దాకా నడిచి వెనక్కి వచ్చాడు. మోకాళ్లు మడిచి తుంటి ఎత్తాడు. పెళ్లిళ్లలో కొవ్వు ముక్కలు తనే పక్కవాడి వైపు నెట్టాడు. అతని పళ్లెం దగ్గర కూర్చోవడానికి జనం పోటీ పడసాగారు. కొన్నాళ్లకి వంతెన కూడా దాటాడు, చొక్కా వదులైంది. రోజూ గట్టు పొడుగునా పెద్దాయన కోసం చూసేవాడు. కనబడితే తప్పయిపోయిందని చెప్పుకుని ఇంటికి తీసుకెళ్లాలని ఉండేది. ఆయన కనబడలేదు.

పుచ్చకాయల కాలం అయిపోయింది. ఆసుపత్రికి వెళ్లే రోజున ఎర్గష్‌కి తిండి సయించలేదు.

కుర్ర డాక్టరు పడుకోబెట్టి కాళ్లు ఎత్తి చూశాడు. మునివేళ్ల మీద నడిపించాడు. వంగి లేవమన్నాడు. ఎర్గష్ వంగాడు, లేచాడు.

"ఆపరేషన్ అక్కర్లేదండీ. వెళ్లి రొట్టెలు చేసుకోండి."

మస్తూర తలగుడ్డ అంచుతో కళ్లు ఒత్తుకుంది. ఎర్గష్ గుండెల మీది కుంపటి దిగిపోయింది. అంత సంతోషంలో, ఇన్నాళ్లూ తిట్టిపోసిన పెద్ద డాక్టరు మీద కూడా ప్రేమ పుట్టుకొచ్చింది. ఒక్కసారి ఆయన్ని చూసి సలాం చెప్పి వెళ్తానన్నాడు.

"ఆయన అనుకున్నదానికన్నా ముందే, పోయిన నెలే రిటైరై వాళ్ల ఊరు నుకుస్ వెళ్లిపోయారు. మీకు ఆపరేషన్ ఉండదని అప్పుడే చెప్పారు."

"నన్ను చూడకుండానే?"

"చూడకపోవడమేమిటండీ, 'రోజూ పొద్దున్నే అతన్ని కాలవగట్టు మీద నడిపించింది నేనే, ఆ నడుముకి నా కత్తితో పనిలేదు' అన్నారు."