తూరుపు తోట ఆకు

తట్టల్లోని పట్టుపురుగులన్నీ తలలు పైకెత్తి పచ్చటి నీళ్లు కక్కుతున్నాయి.

లక్ష్మీదేవమ్మ చేతిలోని మల్బరీ ఆకు గంప జారిపోయింది. పక్క తట్ట చూసింది. దాని కింది తట్ట చూసింది. ఎక్కడా ఆకు నమిలే చప్పుడు లేదు. రేపో మాపో గూడు కట్టాల్సిన పురుగులు. బోరు ఎండిపోయింది కాబట్టి తోటలో ఇక ఆకు రాదు. ఈ పంటే ఆఖరిది.

"ఇట్లా రా! పురుగులు చచ్చిపోతాండాయి!"

పెరట్లో మొహం కడుక్కుంటున్న ఆమె భర్త వెంకటరాయప్ప పరుగెత్తుకొచ్చాడు. ఒక పురుగును అరచేతిలో వేసుకుని చూశాడు. అది మెలికలు తిరుగుతోంది.

"మందు. ఆకులో మందు ఉండాది. మన తోటకు నేను మందే కొట్టలేదే! నిన్న నేను చింతామణికి పోయినప్పుడు ఏం మేపినావు?"

ఆమె తల దించుకుంది.

"మన ఆకు చాల్లేదు. ఆకలికి పురుగులు తట్ట అంచులెక్కుతా ఉండె. పక్కింటి నరసింహన్న ఆకు తెచ్చిచ్చినాడు. నువ్వు వద్దంటావని చెప్పలేదు."

"వాడా? యా తోటది?"

"తూరుపు తోటది."

వెంకటరాయప్ప తట్టల నడుమ నేలమీద కూలబడ్డాడు. ఏడవలేదు, తిట్టలేదు. మొగుణ్ని అలా చూసేసరికి లక్ష్మీదేవమ్మకు ఒళ్లు మండిపోయింది. ఒక్క ఉదుటున పక్కింటికి వెళ్లింది.

రెండు వేల మూడు కరువులో నరసింహయ్య కొత్త బోరు వేయించాడు. దాంతో పక్కనే ఉన్న వెంకటరాయప్ప బోరులో నీళ్లు తగ్గుతూ వచ్చి, ఈమధ్యే పూర్తిగా ఎండింది. అప్పటినుంచి ఆ ఇద్దరికీ మాటల్లేవు. ఈమధ్య నరసింహయ్య బెంగళూరులో బౌద్ధుల దగ్గర ధ్యానం నేర్చుకొచ్చాడు. ఊళ్లో అతన్ని 'బుద్ధప్ప' అని ఆటపట్టిస్తారు. ఇప్పుడు కూడా అరుగు మీద కళ్లు మూసుకుని కూర్చున్నాడు.

"కండ్లు మూసుకునింది చాలు, లెయ్యప్పా! మా నీళ్లు తాగితివి. ఇప్పుడు మా పురుగుల్ని చంపితివి. ఇంకేం కావల్ల నీకు?"

కేకలకు జనం చేరారు. ఆ వీధిలోనే ఉండే బయ్యప్ప అందరికన్నా ముందుకొచ్చాడు.

"ఏమప్పా బుద్ధప్పా, చీమను కూడా తొక్కనంటివి. పురుగులకు విషం పెట్టొచ్చునా?"

"నేను పెట్టలేదు బయ్యప్పా. అది మంచి ఆకు."

"అయితే నీ పురుగులెట్ల ఉండాయి?"

"బాగుండాయి."

"వాటికీ తూరుపు తోట ఆకే వేసినావా?"

"లేదు. దాన్నంతా కోసి లక్ష్మమ్మకే ఇచ్చినా. నా వాటికి పడమటి తోటది వేసినా."

జనం భగ్గుమన్నారు. ఎవడో నరసింహయ్య చొక్కా పట్టుకున్నాడు.

"మాటలు లేనోళ్లకు ఆకు ఎందుకిచ్చినావప్పా?" బయ్యప్ప నిలదీశాడు.

నరసింహయ్య ఆ చేతిని విదిలించుకోలేదు.

"అందరూ బాగుండల్ల అనుకునేదానికి రోజూ ధ్యానంలో కూర్చుంటా. మొదట మనం. ఆపైన మనోళ్లు, తెలీనోళ్లు. కడాకు గిట్టనోళ్లు. వెంకటరాయప్ప కాడికొచ్చేసరికి నాకు నోరు పెగిలేది కాదు. అతనొక్కడు మిగిలిపోయినా మనసును ఎద్దు మాదిరి గూటానికి కట్టేసినట్టే ఉండె. మొన్న సాయంత్రం 'వాడూ బాగుండల్ల' అనుకున్నా. మనసు ఎంత తేలికయిందో! ఉత్తగా అనుకుంటే సాలదని నిన్న పొద్దున్నే ఆకు కోసినా."

"కథలు!" అంది లక్ష్మీదేవమ్మ. "మంచి ఆకయితే నీ పురుగులకు వెయ్యి. నువ్విచ్చిందాంట్లో ఇంకా రెండు మూటలుండాయి మా ఇంట్లో."

"తేమ్మా. మీ అందరి ముందరే వేస్తా."

అప్పటికి వెంకటరాయప్ప వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"వద్దు," అన్నాడు నెమ్మదిగా. "ఎందుకదంతా? పోనీ. మా ఖర్మ అనుకుంటాం."

"చూడండప్పా, పెద్ద మనసంటే ఇదీ!" అన్నాడు బయ్యప్ప. "బుద్ధప్ప దగ్గర కాదు, ఈయన దగ్గర నేర్చుకోవల్ల ధ్యానం."

"పోనిచ్చేదేంది?" లక్ష్మీదేవమ్మ మొగుడి మీద విరుచుకుపడింది. "వేయల్ల! ఒక్క తట్టకు కాదు, అన్నిటికీ వేయల్ల!"

మూటలు వచ్చాయి. నరసింహయ్య విప్పి, ఒక రెమ్మ వాసన చూసి, నవ్వాడు. తన ఇంట్లోని ఏ తట్టనూ వదలకుండా తన చేత్తోనే ఆకు పరిచాడు. పురుగులు మీదికి పాకాయి. ఇల్లంతా చినుకులు పడుతున్నట్టు నమిలే చప్పుడు.

"విన్నారా?" అన్నాడు.

అందరూ గడప బయట కూర్చున్నారు. ఎండ పెంకుల మీదికెక్కింది. లోపలి చప్పుడు పలచబడింది. ఇంకా పలచబడింది. ఆగిపోయింది.

నరసింహయ్య లోపలికి వెళ్లాడు. ఒక పురుగు తల పైకెత్తింది. పక్కన ఇంకొకటి. పచ్చటి నీరు ఆకు మీదికి కారింది. అతను ఆ తట్టనూ, తన రెండు చేతులనూ మార్చి మార్చి చూసుకున్నాడు. బయటికొచ్చి వెంకటరాయప్ప కాళ్ల మీదికి వంగాడు.

"ఎట్ల జరిగిందో నాకు తెలీదప్పా. అయినా నా తోట ఆకు, నా చేత్తోనే ఇచ్చినా. నీ పురుగుల్ని చంపింది నేనే. నన్ను కొట్టు. నీ మీద నాకు కోపం మాత్రం లేదు."

వెంకటరాయప్ప కాళ్లు వెనక్కి లాక్కున్నాడు. ఒకసారి పెళ్లాం వైపు చూశాడు. వంగి నరసింహయ్య భుజాలు పట్టుకుని లేపాడు.

"లెయ్యన్నా. మొన్న సాయంత్రం తూరుపు తోటకు మందు కొట్టింది నేనే. నీ పురుగులు చావల్లనే కొట్టినా."